సగం నీడ

కువైట్‌లో, అర్దియాలోని ఆ పుస్తకాల గోదాములో హుస్సేన్ పీరా పని చెరపడం. లండన్ నుంచీ, బొంబాయి నుంచీ, బేరూత్ నుంచీ వచ్చిన పెట్టెలకు చుట్టిన ఇనపపట్టీలు కత్తిరించి, పుస్తకాలు బల్లమీద పరిచి, అక్కడి చట్టం చెరపమన్న చోట నల్ల మార్కర్ పూయాలి. అట్లాసుల్లో ఒక చిన్న దేశం పేరు, పిల్లల విజ్ఞాన పుస్తకాల్లో ఆరుకోణాల నక్షత్రం, నవలల్లో ఒక జాతి మాట. సిరా వెనక పేజీకి దిగకుండా కింద అట్టముక్క పెట్టాలి. ఆరేదాకా పుస్తకం తెరిచే ఉంచాలి. తొందరపడి మూస్తే ఎదురు పేజీ అంటుకుంటుంది, విడదీస్తే చెరపక్కర్లేని మాటలు కూడా ఊడివస్తాయి. మధ్యాహ్నానికల్లా ఆ వాసన తలకెక్కేది.

ఆ ఆదివారం విప్పిన పెట్టెలో వంటల పుస్తకాల కింద ఒక కథల పుస్తకం కట్ట ఉంది. అట్టమీద బొమ్మ: మెడలో కొలతటేపు వేసుకున్న ముసలి దర్జీ, నోట్లో గుండుసూదులు పెట్టుకుని నవ్వుతున్నాడు. పీరా ఒకటి తీసి అబూ నబీల్‌కు చూపించాడు.

గోదాము పెత్తనం అబూ నబీల్‌ది. పాలస్తీనా మనిషి, ఇప్పుడు యూదుల దేశంలో ఉన్న హైఫాలో పుట్టాడు, ఆ ఊరి పేరు ఎత్తితే మాత్రం మాట మార్చేవాడు. మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు పెట్టుకుని వెనక అట్ట చదివాడు. చదువుతుండగానే మొహం బిగుసుకుంది.

"న్యూయార్క్ యూదుడు. హాస్య కథలట," అని పుస్తకం బల్లమీద విసిరాడు. "ఇందులో మాట చెరిపితే ఏం మిగులుతుంది? పుస్తకమంతా ఆ మాటే. కట్ట మొత్తం పక్కన పెట్టు. గురువారం లారీలో తగలబెట్టేవాటితో పోతుంది. ఖలాస్."

పీరా పక్కన పెట్టాడు. ఒకటి మాత్రం మార్కర్ల డబ్బా వెనక పెట్టాడు. ఎందుకు పెట్టాడంటే ఆ ముసలాడి నవ్వు. నోటినిండా సూదులుంటే ఎవడైనా నవ్వుతాడా?

భోజనాల వేళ గోదాము బయట ముందుగదిలో కూర్చుని, ఖుబ్బూస్ రొట్టెలో ఊరిబిండి పెట్టుకుని తింటూ, పెదాలు కదుపుతూ చదివాడు. ఇంటర్‌దాకా చదివిన ఇంగ్లీషు. కొన్ని మాటలు దాటేశాడు. అయినా మొదటి పేజీలోనే పట్టుబడ్డాడు. ముసలి దర్జీ రాత్రి దుకాణం మూసి దేవుడికి విన్నపం పెడుతున్నాడు: 'పోయినవారం అడిగింది ఇంకా రాలేదు. గుర్తు చేస్తున్నానంతే. తొందరేం లేదు, నాకింకా డెబ్భై ఏళ్ళే.'

పీరా ముక్కులోకి కారం పోయింది. నవ్వీ దగ్గీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

యూదు అన్న మాట అతను మసీదు ప్రసంగాల్లో విన్నాడు, పేపర్లలో చూశాడు, వేల పేజీల్లో చేత్తో చెరిపాడు. మనిషిని ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూస్తే, ఆ మనిషి తలమీద టోపీ. పంది తినడు. కొడుక్కి సున్తీ. ప్రార్థన మందిరంలో ముందు వరసలో ఎవరు కూర్చోవాలన్న దాని మీద ఇద్దరు పెద్దమనుషులకు పదేళ్ళుగా మాటల్లేవు. 'మన రాయచోటి మసీదు కమిటీ ఈళ్ళకెట్ల తెల్సబ్బా' అనుకున్నాడు పీరా. యూదులు కాని ఇరుగుపొరుగువాళ్ళు ఆ ముసలాయన మీద జోకులు వేస్తారు, ఆయనా నవ్వుతాడు. ఇంటికొచ్చి పెళ్ళాంతో అంటాడు: 'వాళ్ళకు జోకు కూడా సరిగ్గా కుట్టడం రాదే. చంకల కింద పట్టేస్తోంది. ఇంటికి తెచ్చి నేనే సరిచెయ్యాల్సి వస్తోంది.'

ఆ వాక్యం పీరా రెండుసార్లు చదివాడు.

అప్పుడే లెక్కల గదిలోంచి సుబ్రహ్మణ్యం వచ్చాడు. విజయవాడ మనిషి. ఆ కంపెనీలో అమ్మకాల లెక్కలు చూస్తాడు, ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా రెన్యువల్ కాగితాలు పూచీపడే కఫీల్ దగ్గరికి వెళ్ళేముందు ఆయన బల్ల మీంచే పోవాలి. సాయంత్రాలు తెలుగు సంఘానికి హాస్య రచయిత. సంఘం వేసే పత్రికలో ఆయన నాటికలు లేని సంచిక లేదు.

"ఏంటోయ్ పీరా, ఒక్కడివే నవ్వుకుంటున్నావు? సాయిబులకు పగలు కూడా కలలొస్తాయా?"

పీరా నవ్వాడు. సుబ్రహ్మణ్యం గారి ఇలాంటి మాటకు నవ్వడం తలుపు తట్టితే తియ్యడంలాంటిది, చెయ్యి దానంతట అదే పోతుంది.

"కథ సార్. శానా బాగుండాది."

"చెప్పవోయ్, విందాం. శుక్రవారం వార్షికోత్సవం. నాటకం వేస్తానన్నవాడు సెలవు పెట్టి ఇండియా పోయాడు. బుర్ర పనిచెయ్యడం లేదు."

పీరా లేచి నిలబడి చెప్పాడు. దర్జీ చనిపోయిన కథ. దర్జీ పెళ్ళాం శ్మశానం కమిటీ పెద్ద దగ్గరికి పోతుంది. చెట్టునీడన చోటు కావాలంటుంది. నీడకు రేటు ఎక్కువ అంటాడు పెద్ద. అక్కడి నుంచి పీరా గొంతు తెలియకుండానే వాళ్ళమ్మ మౌలాబీ గొంతయింది. మౌలాబీ రాయచోటి సంతలో వంకాయల దగ్గర బేరం మొదలుపెట్టే తీరే వచ్చింది: "నీ కడుపు సల్లగుండ, నీ నోట్లో చక్కెర పొయ్య, ఒక్క మాట ఇనప్పా. నలభై ఏండ్లు నీడన కూసోని కుట్టినోడు. ఇప్పుడు పోయి ఎండలో పండుకోబెడితే జొరమొస్తాది ఆయప్పకు."

సుబ్రహ్మణ్యం కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వాడు.

"నీడ ఇయ్యలేనమ్మా అంటాడు సార్ ఆ పెద్దాయన. అప్పుడంటాది, సరే, సగం నీడ ఇయ్యి. తలకాయ నీడలో పెట్టు, కాళ్ళు ఎండలో పెట్టు. కాళ్ళు ఎప్పుడూ సల్లగానే ఉండేవి ఆయప్పకు, ఎండ తగిల్తే మంచిదే."

"అమ్మబాబోయ్, చాలోయ్!" సుబ్రహ్మణ్యం కళ్ళు తుడుచుకున్నాడు. "చాలు, చాలు. దొరికింది నాకు."

"ఆఖరు ఉండాది సార్. బేరం గెల్చి ఇంటికొస్తాది. గడపలో నిలబడి, 'ఏమయ్యో, ఎంత బేరం చేసినానో చూడు' అని పిలుస్తాది. పిలిచినాక మతికొస్తాది. ఆ బేరం ఇని మురిసిపొయ్యేటోడు లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడి కోసరమే బేరం. ఇంగ మళ్ళా చెప్పులేసుకోని, పొయ్యి, ఆయప్ప గోరీ కాడ కూసోని చెప్తాది…"

సుబ్రహ్మణ్యం అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "ఆఁ, ఆఁ," అంటూ నంబరు తిప్పుతున్నాడు. "భీమేశ్వరరావు గారూ, మీకు బ్రహ్మాండమైన ఆడవేషం!"

గోదాములోకి తిరిగొస్తుంటే పీరాకు ఒళ్ళు తేలికగా ఉంది. తన నోటి కథ శుక్రవారం స్టేజీ ఎక్కుతుంది. పెళ్ళాం రజియా బీకి చూపించాలి.

రజియా బీ అర్దియాలోనే ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. మొగుడూ పెళ్ళాల మధ్య నాలుగు వీధుల దూరం. కలుసుకోవడం మాత్రం శుక్రవారాల్లోనే, అదీ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, సెలవిస్తేనే. రిగ్గైలో పీరా ఉండే గదిలో ఇంకా ముగ్గురు రాయచోటి మగవాళ్ళుండేవారు. అందుకని శుక్రవారాలు వాళ్ళు సముద్రం ఒడ్డునో, బస్‌స్టాపు బెంచీ మీదో గడిపేవారు. ఈ శుక్రవారం ఒక హాలు, కుర్చీలు, ఏసీ. రజియా బీ పెట్టె అడుగునుంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది. స్కూలు హాలు మెట్లమీద సంఘం ఆడవాళ్ళు పట్టుచీరల్లో నిలబడి ఉంటే, ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుని పీరా వెనక నడిచింది.

"మన కథంటివి. ముందర కూసుందామా?"

"ఎనకే బాగుంటాది లే."

పాటలయ్యాయి, పిల్లల డాన్సులయ్యాయి. సుబ్రహ్మణ్యం మైకు ముందుకొచ్చి నాటిక పేరు చెప్పాడు: 'ఖబరస్తాన్‌లో బేరం'. హాలు అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది.

పీరాకు కాసేపు అర్థం కాలేదు. తను చెప్పింది దర్జీ కథ, దూరదేశపు కథ.

తెర లేచింది. ఆయిల్ కంపెనీలో ఇంజనీరు, సంఘం అధ్యక్షుడు, గోదావరి జిల్లా ఆజానుబాహువు భీమేశ్వరరావు, నల్ల గొడుగు బట్టతో కుట్టిన బురఖాలో రంగం మీదికొచ్చాడు. నడుము ఊపుకుంటూ వచ్చాడు. జేబురుమాలు గడ్డంగా కట్టుకున్న ఒకడు గోరీలు తవ్వేవాడు.

"అరె భాయ్! నీ నోట్లో చెక్కర్ పొయ్యా జీ! మా మియా కీ ఎండా పడ్దూ! సగం నీడా ఇవ్వూ, సగం పైసల్ తీస్కో!"

హాలు కూలిపోయింది. ముందు వరసలో పిల్లలు కుర్చీలెక్కి నిలబడ్డారు. పీరా పక్కన రజియా బీ కూడా నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. అందరూ నవ్వుతుంటే, చీకట్లో, ఏసీ చల్లదనంలో నవ్వు దానంతట అదే వస్తుంది. రెండోసారి "నోట్లో చెక్కర్ పొయ్యా" అన్నప్పుడు ఆమె కొంగు నోటిదగ్గరే ఆగిపోయింది.

"ఇది అత్త మాట కదబ్బా?" అంది మెల్లగా.

పీరా స్టేజీ వైపే చూస్తున్నాడు.

"ఏందబ్బా? అత్త మాట వీళ్ళకెట్ల తెల్సు?"

స్టేజీ మీద విధవ బేరం గెలిచింది. మిగిలిన డబ్బులు లెక్కపెట్టుకుని బురఖాలో దోపుకుని, "అల్లా కసమ్, రెండో మియాకీ ఇక్కడే బుక్ చేస్తా జీ!" అంది. తెర పడింది. ఆ చప్పట్లు పీరా వీపుమీద పడుతున్నట్టే ఉన్నాయి. ఆయమ్మ ఇంటికి పోలేదు. గడపలో నిలబడి ఎవర్నీ పిలవలేదు.

బయట స్కూలు మైదానంలో దుమ్ము లేస్తోంది. రజియా బీ గేటు దాకా ముందు నడిచింది. గేటు దగ్గర ఆగింది.

"మీ నాయన పోయినప్పుడు నువ్వీడ ఉండావు. నేనుండా ఆడ. అత్త గడప దాటలేదు. మన ఆడోళ్ళు ఖబరస్తాన్‌కు పోతారా? మగోళ్ళు మయ్యత్తును ఎత్తుకుంటాంటే దర్వాజ పట్టుకోని, మీ చేతులకు దండం పెడ్తా, నీడ పట్టున పెట్టండప్పా అనింది. అంతే అనింది. ఎవురూ నవ్వలేదు."

పీరాకు ఆ సంగతి ఆ క్షణం దాకా తెలియదు. కథలో దర్జీ పెళ్ళానికి అమ్మ గొంతు ఎందుకు అతికిందో ఇప్పుడు తెలిసింది.

"నువ్వే చెప్పినావా వాళ్ళకు?" అంది రజియా బీ.

"నేను చెప్పింది ఇది కాదు."

"మాటలు అవే కదా?"

"మాటలు అవే," అన్నాడు. "మాటలు అవే రజియా. అదే నాకు కడుపుమంట."

బస్సులో ఆమె ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుంది. దిగే చోటు వచ్చినా వెనక్కి తిరిగి చూడలేదు.

శనివారం పొద్దున పీరా గోదాములోకి పోకుండా నేరుగా లెక్కల గదికి పోయాడు. సుబ్రహ్మణ్యం ఫోనులో అభినందనలు అందుకుంటున్నాడు. చేత్తో కూర్చోమని సైగ చేశాడు. పీరా కూర్చోలేదు.

"చూశావా, ఎలా నవ్వారో జనం! అహ్మదీ టౌనులో ఉండే మన తెలుగువాళ్ళు వచ్చే శుక్రవారం అక్కడ ఆడమంటున్నారు. నీ పేరు చెప్పలేదని కోపమా ఏంటి? అక్కడ చెప్తాలే."

"పేరు చెప్పకుండా మేలు చేసినారు సార్. అహ్మదీలో ఆ నాటకం ఆడొద్దండి."

"ఏం?"

"ఆఖరు ఎందుకు తీసేసినారు?"

"ఆ ఏడుపు ఎందుకోయ్? జనం నవ్వడానికొచ్చారు."

"ఆయమ్మను సాయిబుల ఆడమనిషిని ఎందుకు చేసినారు? మా ఆడోళ్ళు గోరీల కాడికి పోరు సార్. మీ ఎదురింట్లోనే ఉండాం ఇన్ని నూర్లేండ్లుగా. ఇది కూడా తెలీదా మీకు?"

సుబ్రహ్మణ్యం కలం మూత పెట్టాడు. గొంతులో ఓపిక తెచ్చుకున్నాడు, చిన్నపిల్లాడికి చెప్పేటప్పుడు తెచ్చుకునే ఓపిక. "పీరా, హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలి. ఆ పుస్తకం రాసిన యూదుల్నే చూడు. లోకమంతా తరిమినా తమ మీద తామే నవ్వుకుంటారు. అందుకే వాళ్ళది గొప్ప సాహిత్యం. మీవాళ్ళకు ఆ విశాల హృదయం లేదు. అదీ బాధ."

"వాళ్ళ మీద వాళ్ళు నవ్వుకున్నారు సార్!" పీరా గొంతు పక్క గదిలోకి వినిపించింది. "ఆయమ్మను రాసినోడు ఆయమ్మ చేతి కూడు తిన్న మాదిరి రాసినాడు. ఆయమ్మ పిసినారి, నోరు పెద్దది, అంతా రాసినాడు, దాచిపెట్టలా. అయినా సదివితే ఆయమ్మ మన ఇంట్లో మనిషి అయితాది. మీరు రాసింది గోడమీంచి తొంగిచూసి రాసినట్టుండాది. తొంగి కూడా చూడలేదు, గోడ చూసి రాసినారు."

"నాకు రాయడం నేర్పుతున్నావా?"

"నాకు రాయడం రాదు సార్. నవ్వేది తెలుసు. ఇన్నేండ్లు మీరు సాయిబు అన్నప్పుడల్లా నవ్వినా. మీరు నవ్వించినారని నవ్వలేదు. నా ఇఖామా మీ బల్ల మీద ఉండాదని నవ్వినా."

సుబ్రహ్మణ్యం మొహం ఎర్రబడింది. కాసేపు బల్లమీది కాగితాలు సర్దాడు, సర్దినవే మళ్ళీ సర్దాడు. తర్వాత తలెత్తకుండానే అడిగాడు.

"ఆ పుస్తకాలన్నీ గురువారం లారీలో పోయాయి కదూ? మరి నువ్వు చదివింది ఎక్కడుంది?"

పీరా చూపు తలుపు వైపు పోయింది.

"వెళ్ళు. పని చూసుకో."

ఆదివారం మధ్యాహ్నం అబూ నబీల్ పిలిచాడు. ఆయన బల్లమీద ఆ పుస్తకం ఉంది. సూదులు పెట్టుకున్న ముసలాడు పైకి చూస్తూ నవ్వుతున్నాడు. మార్కర్ల డబ్బా వెనక నుంచి ఎవరు తీశారో పీరా అడగలేదు.

"తలుపు వెయ్యి," అన్నాడు అబూ నబీల్.

వేశాడు. రెండేళ్ళ కిందట బేరూత్ శిబిరంలో ఈయన అక్క కొడుకును చంపేశారన్న వార్త వచ్చిన రోజు, ఇదే గదిలో ఇలాగే తలుపు వేసుకుని ఉండిపోయాడు. అది గుర్తొచ్చి పీరా తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఎవరికైనా జవాబు చెప్పొచ్చుగానీ ఈయనకు ఏం చెప్తాడు?

"నువ్వు ఇది చదివి నవ్వుతున్నావని చెప్పారు. నిజమేనా?"

"నిజమే."

"ఎవరి పుస్తకమో తెలిసే?"

"తెలిసే."

"ఏ కథ?"

పీరా చెప్పాడు.

"అది చెప్పు నాకు."

"మీరు చదువుకోవచ్చు కదా, ఉస్తాద్…"

"నేను ముట్టుకోను. నువ్వు చెప్పు."

పీరా తనకొచ్చిన అరబిక్‌లో చెప్పాడు. మాట దొరకనిచోట చేతులతో చెప్పాడు. ఈసారి అమ్మ గొంతు రాలేదు. సగం నీడ దగ్గర అబూ నబీల్ ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వే. రాగానే దాన్ని అరచేత్తో మూసేశాడు. పీరా ఆగాడు. "చెప్పు" అన్నాడు. ఆఖరుదాకా చెప్పాడు. విధవ గడపలో పిలవడం, చెప్పులు మళ్ళీ తొడుక్కోవడం, గోరీ దగ్గర కూర్చోవడం.

అబూ నబీల్ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. బయట ఎండలో లారీ ఒకటి వెనక్కి వస్తోంది. అది ఆగేదాకా చూశాడు.

"మా అమ్మను ఇక్కడే పూడ్చాం. ఒక్క చెట్టు లేదు. హైఫాలో మా నాన్న పక్కన చోటుంది, అక్కడ నీడ ఉంది. నేను ఎవరితో బేరమాడను? ఎవడితో?" ఒక్కసారి వెనక్కి తిరిగాడు. "అసలు వీడికి ఇది ఎలా తెలిసింది? ఆఁ? మా ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళ మనిషి కదా వీడు! వాడు దుర్మార్గుడిలా రాస్తే నాకు బాధ లేదు. చదివి ఉమ్మేసి ఊరుకునేవాణ్ణి. మా అమ్మలాంటి ముసలిదాన్ని రాశాడు. నన్ను నవ్వించాడు. నా భూమి పోయింది, సరే. నా ఏడుపు కూడా వాడికే తెలిసుంటే ఇక నాకంటూ ఏం మిగిలింది, హుస్సేన్?"

పీరా బల్లమీది పుస్తకాన్ని బోర్లా తిప్పాడు.

"ఇంకొకరెవరైనా విన్నారా దీన్ని?" అన్నాడు అబూ నబీల్.

"ఒకాయన విన్నాడు. విని, మా అమ్మను స్టేజీ ఎక్కించి నవ్వులాట చేశాడు."

అబూ నబీల్ కాసేపు అతని మొహంలోకి చూశాడు. ఎవరని అడగలేదు. పుస్తకం తన దగ్గరికి తెచ్చిన చెయ్యి ఆయనకు తెలుసు. బల్ల సొరుగులోంచి కత్తి తీసి పీరా ముందు పెట్టాడు.

"ఇది ఇక్కడ ఉండడానికి వీల్లేదు. నాకోసం చట్టం మారదు, నీకోసమూ మారదు. నీ తలలో ఎక్కడ ఉంచగలవో అక్కడ ఉంచుకున్నావు, అది చాలు. కొయ్యి."

పీరా కుట్టు దగ్గర కోశాడు. మంచి దారంతో కుట్టిన పుస్తకం, కత్తి రెండుసార్లు జారింది. పేజీలు విడివిడిగా రద్దు కాగితాల బుట్టలో పడ్డాయి. అబూ నబీల్ ఆ పనంతా చూశాడు, మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీ ఇఖామా కాగితాలు ఆ లెక్కల గదికి పోవక్కర్లేదు," అన్నాడు పీరా తలుపు తీస్తుండగా. "నేనే కఫీల్ దగ్గరికి తీసుకెళ్తాను. యల్లా, పెట్టెలు ఎదురుచూస్తున్నాయి."

సోమవారం భీమేశ్వరరావు కారు గోదాము ముందాగింది. అహ్మదీ నాటకం సంగతి మాట్లాడటానికీ, పిల్లల బహుమతులకు పుస్తకాలు ఏరుకోవడానికీ వచ్చాడు. ఏరిన పుస్తకాలు మోసుకుని పీరా లెక్కల గదిలోకి పోయేసరికి ఇద్దరూ సులైమానీ టీ తాగుతున్నారు. సుబ్రహ్మణ్యం పీరాను చూశాడు. చూసి గొంతు పెంచాడు.

"ఇది వినండి భీమేశ్వరరావు గారూ. ఒక సాయిబు రైల్వే స్టేషనుకెళ్ళి టికెట్ ఇవ్వమన్నాడట. ఎక్కడికయ్యా అంటే, 'మా బావమరిది ఇంటికి' అన్నాడట!"

భీమేశ్వరరావు బొజ్జ కదిలేలా నవ్వాడు. సుబ్రహ్మణ్యం నవ్వుతూ పీరా వైపు తిరిగి, అలవాటు ప్రకారం, నవ్వు కోసం చూశాడు.

పీరా పుస్తకాలు బల్లమీద దించాడు. అంచులు సమం చేశాడు.

"తర్వాత?" అన్నాడు.

"తర్వాతేంటోయ్?"

"టికెట్ ఇచ్చినారా సార్?"

"జోకయ్యా అది. అయిపోయింది."

"మీకు అయిపోయింది సార్. ఆయన కౌంటర్ కాడనే నిలబడుండాడు కదా. బావమరిది ఇంట్లో ఏం పని పడింది ఆయనకు? పెండ్లాం పుట్టింట్లో ఉందేమో. ఒళ్ళు బాగలేదని కబురొచ్చిందేమో. లేకపోతే ఒక్కడే రైలు కాడికి ఎందుకు పోతాడు, ఊరి పేరు కూడా తెలవకుండా?"

గొంతు హెచ్చలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నట్టు అడిగాడు. సుబ్రహ్మణ్యం సాయం కోసం భీమేశ్వరరావు వైపు చూశాడు. భీమేశ్వరరావు కప్పులోకి చూస్తున్నాడు. పెద్ద మొహం మీది నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, కానీ అది ఎటో మళ్ళింది.

"మా అమ్మా అంతేనండీ," అన్నాడు భీమేశ్వరరావు. "బస్సెక్కితే ఊరి పేరు చెప్పదు. 'మా సూరాయమ్మక్కోరి ఊరికి' అంటుంది. కండక్టరు గయ్యిమంటాడు. 'అక్క ఊరు తెలీకుండా బస్సెలా నడుపుతున్నావురా' అని ఈవిడ తగువు. బస్సంతా నవ్వేది. ఆ అక్క పోయిన రోజు కూడా అలాగే అడిగిందండీ టికెట్. నేను పక్కనే ఉన్నాను. ఆ రోజూ నవ్వారు."

పీరా పెదాలమీద నవ్వు వచ్చింది. కండక్టరును కసిరిన ఆ ముసలమ్మ కోసం వచ్చింది, వచ్చినంతసేపూ ఉంది.

భీమేశ్వరరావు కప్పు బల్లమీద పెట్టాడు. కారు తాళాలు చేతిలోకి తీసుకుని, ఎవరి మొహంలోకీ చూడకుండా అన్నాడు: "అహ్మదీలో ఇంకేదైనా వేద్దాంలెండి సుబ్రహ్మణ్యంగారూ. ఆ బురఖాలో ఉక్కపోసి చచ్చాను." పుస్తకాల కట్ట తానే ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

గదిలో ఏసీ మోత మిగిలింది. సుబ్రహ్మణ్యం మొహాన ఎలాగో ఒక నవ్వు తెచ్చుకున్నాడు.

"చూశావా? చివరికి నువ్వూ నవ్వావు."

"నేను నవ్వింది ఆ సార్ వాళ్ళమ్మ కోసం," అన్నాడు పీరా. "మీ సాయిబు ఇంకా స్టేషన్లోనే ఉండాడు సార్. ముందు ఆయనకు టికెట్ ఇయ్యండి."